మొక్కల సమ్మేళనాలు మందులకు లొంగని బ్యాక్టీరియాను ఆపుతాయా? నమ్మదగిన పరీక్ష ఎలా చేయాలి

“దాల్చినచెక్క నూనె ఒక చుక్క వేస్తే అగార్ ప్లేటు మీద పెద్ద వలయం వచ్చింది. అంటే మందులకు లొంగని సాల్మొనెల్లా దీనికి లొంగినట్టేనా?” ఈ ప్రశ్న నాకు చాలా కాలంగా వస్తూనే ఉంది. ఒకరు లవంగ నూనె అంటారు, మరొకరు వాము నూనె అంటారు. విద్యార్థులు అడుగుతారు, ఆహార పరిశ్రమల నాణ్యత విభాగాల్లో పనిచేసేవారూ అడుగుతారు. ప్రతిసారీ విడిగా జవాబు రాసే బదులు, పరీక్షను మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఒకేచోట రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. వలయం అంటే అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మాధ్యమం) మీద బ్యాక్టీరియా పెరగని ఖాళీ జాగా. అది చూసి ఆ మాట చెప్పలేం. నూనె నీటిలో కలవదు కాబట్టి అగార్‌లో సరిగా పాకదు. పైగా కొంత గాలిలో కలిసిపోతుంది. బాగా పనిచేసే సమ్మేళనం చిన్న వలయం ఇవ్వవచ్చు, త్వరగా ఆవిరయ్యేది పెద్ద వలయం ఇవ్వవచ్చు. కావలసింది ఒక అంకె: మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు ఉంటే ఆ బ్యాక్టీరియా పెరుగుదల ఆగింది? దీన్నే కనీస నిరోధక సాంద్రత అంటాం, ప్రయోగశాల మాటలో ఎంఐసీ. ఆ అంకె తెలిశాక కూడా పని సగమే అయినట్టు. మిగిలిన సగం ఆహారంలో తేలాలి.

ఇది శిక్షణ ఉన్నవారి కోసం, జీవభద్రత రెండో స్థాయి ప్రయోగశాల కోసం రాసిన పద్ధతి. ఇంట్లో బ్యాక్టీరియాను పెంచే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. అలాగే, కలుషితాహారం వల్ల జబ్బుపడినవారు ఈ నూనెలను మందుగా తాగకూడదు. ఒరెగానో లాంటి మొక్కల నూనెల్లో ఉండే కార్వక్రాల్ అనే సమ్మేళనం గాఢంగా ఉంటే చర్మాన్నే కాలుస్తుంది, గొంతుకు, పేగుకు ఇంకా ప్రమాదం.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. కార్వక్రాల్, థైమాల్, యూజినాల్ లాంటివి కొవ్వును ఇష్టపడే అణువులు. అవి బ్యాక్టీరియా పొరలోకి దిగి దాన్ని సడలిస్తాయి. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది. ఆంపిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైము బ్యాక్టీరియా దగ్గర ఉన్నా, ఈ దెబ్బ నుంచి అది కాపాడలేదు. మందులకు లొంగని రకాలపై వీటిని ప్రయత్నించడానికి కారణం ఇదే. అయితే లోపలికి వచ్చినదాన్ని బయటికి తోసే పంపులు కొన్ని బ్యాక్టీరియాలో ఉంటాయి, వాటిలో కొన్ని ఈ అణువులను కూడా తోసేయగలవు. కాబట్టి పని చేసి తీరుతుందని ముందే అనుకోకండి.

ఏమేమి కావాలి

– శుద్ధ సమ్మేళనం: కార్వక్రాల్, థైమాల్, యూజినాల్, సిన్నమాల్డిహైడ్‌లలో ఒకటి. 98 శాతం లేదా అంతకంటే ఎక్కువ శుద్ధత ఉన్నది.
– బ్యాక్టీరియా: నాణ్యత పరీక్షకు ఈ.కోలై ఏటీసీసీ 25922 (ఏటీసీసీ అనే సేకరణ కేంద్రం ఇచ్చే ప్రామాణిక రకం). దానితోపాటు మీరు పరీక్షించదలచిన నిరోధక రకం, గుర్తింపు పొందిన సేకరణ కేంద్రం నుంచి అనుమతితో తెచ్చుకున్నది.
– కాల్షియం, మెగ్నీషియం సరిచేసిన ముల్లర్–హింటన్ బ్రాత్ (బ్యాక్టీరియాను పెంచే ద్రవ మాధ్యమం), ముల్లర్–హింటన్ అగార్.
– డీఎంఎస్ఓ (నూనెను కరిగించే ద్రావకం), లీటరు బ్రాత్‌కు 1.5 గ్రాముల అగార్.
– మూతలున్న 96 గుంతల ప్లేట్లు, అతికించే పారదర్శక పొరలు.
– నాణ్యత తెలిసిన ఒక యాంటీబయోటిక్ పొడి. ఇక్కడ ఆంపిసిలిన్ తీసుకున్నాను.
– 0.015 శాతం రెజాజురిన్ (పెరుగుదల ఉంటే రంగు మారే పదార్థం) ద్రావణం, వడకట్టి శుద్ధి చేసినది.
– గాజు సీసాలు, ముదురు రంగువి.
– రెండో తరగతి జీవభద్రతా క్యాబినెట్, 35 డిగ్రీల ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్.

శుద్ధ సమ్మేళనం దొరకక మొత్తం నూనెతోనే చేయాల్సి వస్తే, దాని రసాయన విశ్లేషణ నివేదిక తప్పనిసరిగా తీసుకోండి. ఒకే పేరున్న థైమ్ నూనెలో ఒక సీసాలో థైమాల్ ప్రధానంగా ఉంటే, ఇంకో సీసాలో లినలూల్ ఉండవచ్చు. మొక్క రకాన్నిబట్టి, కోత కాలాన్నిబట్టి కూర్పు మారుతుంది. కూర్పు చెప్పకుండా “థైమ్ నూనె పనిచేసింది” అని రాస్తే, చదివినవారు ఆ పరీక్షను మళ్ళీ చేయలేరు.

మొదటిసారి చేస్తున్నారా? అయితే రోగకారక రకంతో మొదలుపెట్టకండి. లిస్టీరియా మోనోసైటోజీన్స్‌కు బదులు లిస్టీరియా ఇన్నోక్యువాతో, సాల్మొనెల్లాకు బదులు హాని లేని ఈ.కోలై కే–12 తో చేతులు అలవాటు చేసుకోండి. పద్ధతిలో తేడా లేదు, ప్రమాదంలో చాలా తేడా ఉంది.

1. బ్యాక్టీరియా నిజంగా మందులకు లొంగనిదేనని ముందు తేల్చుకోండి

ఎన్నో ఏళ్లుగా ఫ్రీజరులో ఉన్న గొట్టం మీద “బహుళ నిరోధక” అని రాసి ఉంటే సరిపోదు. నిరోధక జన్యువులు తరచుగా ప్లాస్మిడ్ (క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క) మీద ఉంటాయి, మందు లేని మాధ్యమంలో పదేపదే పెంచితే ప్లాస్మిడ్ పోవచ్చు. మీ చేతిలోని కల్చర్‌కు యాంటీబయోటిక్ పరీక్ష మళ్ళీ చేయండి. కనీసం మూడు వేర్వేరు తరగతుల మందుల్లో, ఒక్కో తరగతి నుంచి కనీసం ఒక మందుకు లొంగకపోతేనే దాన్ని బహుళ ఔషధ నిరోధకం అనాలి. ఒకే తరగతికి చెందిన మూడు మందులకు లొంగకపోవడం ఈ లెక్కలోకి రాదు.

2. మాతృ ద్రావణం తయారు చేయండి

పిప్పెట్‌తో కొలవకండి, తూకం వేయండి. ఈ ద్రవాలు పిప్పెట్ మొనకు అంటుకుంటాయి, కొలత తప్పుతుంది. 204.8 మిల్లీగ్రాముల కార్వక్రాల్‌ను గాజు సీసాలో తూచి, డీఎంఎస్ఓతో మొత్తం 1 మిల్లీలీటరుకు తీసుకురండి. థైమాల్ గది ఉష్ణోగ్రతలో స్ఫటికంగా ఉంటుంది, తూచడం ఇంకా సులువు.

దీనిలో 20 మైక్రోలీటర్లను 980 మైక్రోలీటర్ల బ్రాత్‌లో వేసి 30 సెకన్లు వోర్టెక్స్ చేయండి. ఇప్పుడు మీ దగ్గర మిల్లీలీటరుకు 4096 మైక్రోగ్రాముల పని ద్రావణం ఉంది, అందులో డీఎంఎస్ఓ 2 శాతం. ప్లేటులో సమాన పరిమాణంలో బ్యాక్టీరియా కలిశాక అది 2048 మైక్రోగ్రాములు, 1 శాతం డీఎంఎస్ఓ అవుతుంది. డీఎంఎస్ఓ 1 శాతం దాటనివ్వకండి.

పని ద్రావణం పాలలా కనిపిస్తుంది. భయపడనక్కర్లేదు, అంత కార్వక్రాల్ నీటిలో కరగదు. అది పైకి తేలిపోకుండా ఆపడానికే లీటరుకు 1.5 గ్రాముల అగార్. ఆ కొద్దిపాటి అగార్ బ్రాత్‌ను గడ్డకట్టించదు, నూనె బిందువులను మాత్రం చెదరకుండా పట్టి ఉంచుతుంది. ప్లేటులో వాడే బ్రాత్ అంతా, బ్యాక్టీరియాను పలచన చేసేదానితో సహా, ఈ అగార్ కలిపినదే అయి ఉండాలి.

చాలామంది అగార్‌కు బదులు ట్వీన్ 80 వాడతారు. అది నూనెను నీటిలో బాగా కలిపే పదార్థమే కానీ, కార్వక్రాల్‌ను తన బిందువుల లోపల బంధించి బ్యాక్టీరియాకు అందనివ్వకుండా చేస్తుంది. ఎంఐసీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. తప్పనిసరైతే వాడండి, కానీ ఎంత శాతం వాడారో రాయండి, అది మాత్రమే ఉన్న కంట్రోల్ (పోలిక) వరుస పెట్టండి.

మాతృ ద్రావణాన్ని ప్లాస్టిక్‌లో దాచవద్దు. గాఢమైన నూనె పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. సిన్నమాల్డిహైడ్ గాలి తగిలితే సిన్నమిక్ ఆమ్లంగా మారుతుంది, అందుకే దాన్ని ముదురు గాజు సీసాలో నిండుగా, చల్లగా ఉంచాలి. పాత సీసాతో చేసిన పరీక్షలో “పనిచేయలేదు” అని వస్తే మొదట అనుమానించవలసింది సీసానే.

3. ప్లేటును పంచుకోండి

ఒక ప్లేటులో ఒకే సమ్మేళనం. ఈ మాట నేను బరువుగా చెబుతున్నాను, ఎందుకంటే దాని మూల్యం చెల్లించాను. చాలా ఏళ్ల క్రితం ఒకే ప్లేటులో పై సగం సిన్నమాల్డిహైడ్, కింది సగం మరో పదార్థం పెట్టాను. మధ్యలో ఉన్న ద్రావక కంట్రోల్ వరుసలో బ్యాక్టీరియా పెరగలేదు. డీఎంఎస్ఓ నాణ్యత బాగాలేదనుకుని కొత్త సీసాలు తెప్పించి, పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేసి, మూడు వారాలు గడిపాను. తప్పు డీఎంఎస్ఓది కాదు. సిన్నమాల్డిహైడ్ ఆవిరి పక్క గుంతల్లోకి దిగింది.

పంపకం ఇలా చేయండి. మొదటి మూడు వరుసల్లో సమ్మేళనం, అంటే ఒకే పరీక్ష మూడు సార్లు. నాలుగో వరుస సమ్మేళనం ఉండి బ్యాక్టీరియా లేనిది. పాల రంగును పెరుగుదలగా పొరబడకుండా ఇదే కాపాడుతుంది. ఐదో వరుస ఖాళీ. ఆరో వరుసలో ద్రావకం మాత్రమే, 2 శాతం డీఎంఎస్ఓ ఉన్న బ్రాత్ నుంచి మొదలుపెట్టి. ఏడో వరుసలో యాంటీబయోటిక్. ఎనిమిదోది ఖాళీ. వీలైతే ఆరు, ఏడు వరుసలను వేరే ప్లేటులోకి మార్చండి, అది ఇంకా మేలు.

వాడే ప్రతి వరుసలో, నాలుగోది తప్ప, 11వ గుంత పెరుగుదల కంట్రోల్: బ్రాత్, బ్యాక్టీరియా మాత్రమే. 12వది శుద్ధత కంట్రోల్: బ్రాత్ ఒక్కటే.

4. పలచన చేయండి

2 నుంచి 11 వరకు గుంతల్లో 100 మైక్రోలీటర్ల బ్రాత్ వేయండి, 12వ గుంతలో 200. మొదటి గుంతలో 200 మైక్రోలీటర్ల పని ద్రావణం. అక్కడి నుంచి 100 తీసి రెండో గుంతలో కలిపి, పైకీ కిందికీ ఆరుసార్లు పీల్చి వదిలి, మళ్ళీ 100 తీసి మూడో గుంతకు. ఇలా పదో గుంత దాకా వెళ్ళి, చివరి 100 పారవేయండి. బ్యాక్టీరియా కలిశాక మొదటి గుంతలో 2048, తర్వాత 1024, 512, 256, 128, 64, 32, 16, 8, పదో గుంతలో 4 మైక్రోగ్రాములు ఉంటాయి.

ప్రతి గుంతకూ పిప్పెట్ మొన మార్చండి. మొనకు అంటిన నూనె తర్వాతి గుంతల్లోకి చేరితే, ఎంఐసీ ఉన్నదానికంటే రెండు మూడు మెట్లు తక్కువగా కనిపిస్తుంది. మొనలు ఆదా చేయాలని ఇక్కడ చూస్తే పరీక్ష మొత్తం వృథా అవుతుంది.

5. బ్యాక్టీరియా లెక్క సరిచూసుకుని కలపండి

18 నుంచి 24 గంటలు పెరిగిన అగార్ ప్లేటు నుంచి నాలుగైదు కాలనీలు తీసి సెలైన్‌లో కలపండి. 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రావణం ఎంత మసకగా ఉందో చెప్పే ప్రమాణం) మసకకు తీసుకురండి. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే 625 నానోమీటర్ల వద్ద 0.08 నుంచి 0.13 మధ్య రావాలి. అంటే మిల్లీలీటరుకు సుమారు 10 నుంచి 20 కోట్ల కణాలు. దీన్ని బ్రాత్‌లో వంద రెట్లు పలచన చేసి, ఒక్కో గుంతకు 100 మైక్రోలీటర్లు వేయండి. 4వ వరుసకు, 12వ గుంతలకు మాత్రం వేయకూడదు. 4వ వరుసలో బదులుగా 100 మైక్రోలీటర్ల ఖాళీ బ్రాత్ వేయండి. మసక సరిచేసిన అరగంటలోపు ఇదంతా పూర్తి కావాలి, ఆలస్యమైతే కణాలు పెరిగిపోతాయి.

గుంతలో మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల కణాలు ఉండాలన్నది లక్ష్యం. ఇది నిజంగా వచ్చిందా? చాలామంది దాటవేసే తనిఖీ ఇదే. బ్యాక్టీరియా వేసిన వెంటనే ఒక పెరుగుదల కంట్రోల్ గుంత నుంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలపండి. అందులో 100 మైక్రోలీటర్లు అగార్ మీద పరచండి. మర్నాడు 50 కాలనీలు ఉంటే మీ లెక్క సరిగ్గా ఉంది. 20 నుంచి 80 మధ్య ఉన్నా అంగీకరించవచ్చు. 300 వస్తే ఆ రోజు ఎంఐసీని నమ్మవద్దు, ఎక్కువ కణాలు ఉన్నందువల్ల అంకె పెరిగి ఉంటుంది. ఐదే వస్తే అంకె తగ్గి ఉంటుంది, మీరు సంతోషపడేది ఉత్తి సంతోషమే.

6. మూసి, పొదగండి

అతికించే పొరను గుంతల అంచుల దాకా గట్టిగా నొక్కండి, దానిపై మూత పెట్టండి. 35 డిగ్రీల వద్ద 16 నుంచి 20 గంటలు. ప్లేట్లను నాలుగుకంటే ఎక్కువ ఒకదానిపై ఒకటి పేర్చకండి, మధ్యలో ఉన్నవి ఆలస్యంగా వేడెక్కుతాయి.

7. చదవండి

చదివే ముందు కంట్రోల్స్ చూడండి. సమ్మేళనం వరుస వైపు కన్ను పోతుంది, ఆపుకోండి. ముందు 11వ గుంతలు: నాలుగో వరుసది తప్ప, బ్యాక్టీరియా వేసిన అన్నింటిలో పెరుగుదల ఉండాలి. తర్వాత 12వ గుంతలు: ఒక్కటీ మసకబారకూడదు. ద్రావకం వరుస: పదింటిలోనూ పెరుగుదల ఉండాలి. యాంటీబయోటిక్: ఈ.కోలై ఏటీసీసీ 25922 కు ఆంపిసిలిన్ ఎంఐసీ 2 నుంచి 8 మధ్య రావాలి. బదులుగా జెంటామైసిన్ వాడితే 0.25 నుంచి 1, సిప్రోఫ్లాక్సాసిన్ అయితే 0.004 నుంచి 0.016. ఈ పరిధి దాటితే ప్లేటు మొత్తం పక్కన పెట్టండి, సమ్మేళనం ఫలితం ఎంత అందంగా ఉన్నా సరే.

అన్నీ సరిపోతే, పెరుగుదల లేని గుంతల్లో అతి తక్కువ సాంద్రత ఉన్నదే ఎంఐసీ. పాల రంగు వల్ల తేల్చలేకపోతే ఒక్కో గుంతకు 30 మైక్రోలీటర్ల రెజాజురిన్ వేసి 2 నుంచి 4 గంటలు మళ్ళీ పొదగండి. నీలంగా మిగిలితే పెరుగుదల లేదు, గులాబీ రంగుకు మారితే ఉంది. శుద్ధ కార్వక్రాల్‌తో ఇది చక్కగా పనిచేస్తుంది. టానిన్లు ఎక్కువగా ఉన్న మొక్కల సారాలతో జాగ్రత్త: బ్యాక్టీరియా లేకుండానే అవి రంగు మార్చగలవు. నాలుగో వరుస కూడా గులాబీ అయితే రంగును వదిలేసి, గుంతల నుంచి తీసి అగార్ మీద వేసి చూడండి.

మూడు సమాంతర వరుసలు ఒక మెట్టు తేడాలో ఉండటం సహజం. 128, 256, 256 వస్తే ఎంఐసీ 256 అని రాయండి. సగటు తీసి 213.3 అని రాయకండి, రెట్టింపు మెట్ల పరీక్షకు ఆ సూక్ష్మత లేదు. 64, 256, 512 వస్తే కలపడంలో లోపం ఉంది, మళ్ళీ చేయండి. మొత్తం పరీక్షను వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయాలి. ఒకే రోజు మూడు వరుసలు మూడు పరీక్షలు కావు.

అంకె చూసి నిరాశపడకండి. కార్వక్రాల్ ఎంఐసీ ఈ.కోలై, సాల్మొనెల్లాలపై సాధారణంగా వందల మైక్రోగ్రాముల్లో ఉంటుంది. యాంటీబయోటిక్‌లు ఒకటి, రెండు మైక్రోగ్రాముల దగ్గరే పనిచేస్తాయి. రెంటినీ ఒకే తక్కెడలో తూచకూడదు, ఈ సమ్మేళనాలను మాత్రగా మింగించడం మన ఉద్దేశం కాదు. 2048 దగ్గర కూడా ఆగకపోతే “2048 కంటే ఎక్కువ” అని రాసి వదిలేయండి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా తరచుగా ఇలాగే మొండికేస్తుంది.

8. ఆగిందా, చచ్చిందా?

పెరుగుదల లేని ప్రతి గుంతనూ బాగా కలిపి, 10 మైక్రోలీటర్లు తీసి ఒక్కో అగార్ ప్లేటు మీద పూర్తిగా పరచండి. చుక్కగా వదిలేస్తే ఆ చుక్కలోని నూనె అక్కడే పేరుకుని, బతికున్న కణాలను కూడా పెరగనివ్వదు. 20 మిల్లీలీటర్ల అగార్ మీద పరిస్తే నూనె రెండు వేల రెట్లు పలచనవుతుంది, అడ్డు తొలగుతుంది.

మొదట్లో 10 మైక్రోలీటర్లలో 5000 కణాలు ఉన్నాయి. 99.9 శాతం చచ్చాయని చెప్పాలంటే 5 కాలనీలకు మించి రాకూడదు. అలా వచ్చిన అతి తక్కువ సాంద్రతే కనీస సంహారక సాంద్రత. ఎంఐసీ 256 ఉండి సంహారక సాంద్రత 2048 వచ్చిందంటే, మీ సమ్మేళనం బ్యాక్టీరియాను నిద్రపుచ్చుతోంది, చంపడం లేదు. ఆహారంలో దాని ప్రభావం తగ్గగానే అవి లేస్తాయి.

9. యాంటీబయోటిక్‌తో జత కట్టించి చూడాలంటే

ఒక ప్లేటులో నిలువుగా సమ్మేళనాన్ని, అడ్డంగా యాంటీబయోటిక్‌ను పలచన చేస్తే రెంటి అన్ని కలయికలూ వస్తాయి. ఒక్కోదానికి, జతలో ఉన్నప్పటి ఎంఐసీని ఒంటరిగా ఉన్నప్పటి ఎంఐసీతో భాగించి, రెండు భాగఫలాలను కూడండి. 0.5 లేదా తక్కువ వస్తే రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. 4 దాటితే అడ్డుపడుతున్నాయి. మధ్యలో ఏది వచ్చినా “ప్రభావం లేదు” అనే రాయండి. 0.75 వస్తే “కొంత కలిసివచ్చింది” అని రాయాలనిపిస్తుంది, కానీ అది పరీక్ష సహజ పొరపాటు పరిధిలోనే ఉంటుంది.

ఉదాహరణకు కార్వక్రాల్ 256 నుంచి 64కు, ఆంపిసిలిన్ 128 నుంచి 16కు తగ్గాయనుకుందాం. 0.25, 0.125 కలిపితే 0.375. బలపరచడం నిజమే. కానీ ఆంపిసిలిన్‌కు ఈ.కోలై, సాల్మొనెల్లాల కుటుంబం బ్యాక్టీరియా లొంగిందనాలంటే ఎంఐసీ 8 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. 16 అంటే ఇంకా లొంగలేదు. “నిరోధకత తొలగిపోయింది” అనే శీర్షికలు చాలావరకు ఈ తేడాను మింగేస్తాయి. మీరు మింగకండి.

10. ఆహారంలో పరీక్షించండి

ఇక్కడే చాలా ఆశలు కూలుతాయి, అందుకే ఇక్కడ తొందరపడకండి. కొవ్వు ఈ అణువులను తనలోకి లాగేసుకుంటుంది, ప్రోటీన్ పట్టేసుకుంటుంది. బ్రాత్‌లో సరిపోయిన మోతాదు కొవ్వు తీసిన పాలలో రెండు రెట్లు కావలసిరావచ్చు, మెత్తటి చీజ్‌లో 25 నుంచి 100 రెట్లు కావలసిరావచ్చు. మరోవైపు, ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆహారంలో, చల్లగా నిల్వ ఉంచినప్పుడు, ఆక్సిజన్ తక్కువగా ఉన్న ప్యాకింగులో వీటి బలం పెరుగుతుంది. మీ ఆహారం ఎలాంటిదో చూసుకుని మోతాదులు ఎంచుకోండి: ఎంఐసీకి సమానం, 5 రెట్లు, 10 రెట్లు, కొవ్వు ఎక్కువైతే 50 రెట్లు.

10 గ్రాముల ముక్కలు తీసుకోండి. గ్రాముకు సుమారు 10,000 కణాలు ఉండేలా బ్యాక్టీరియా వేసి, పావుగంట అంటుకోనివ్వండి. తర్వాత సమ్మేళనాన్ని నీటి ఎమల్షన్‌గా అన్నివైపులా తగిలేలా కలపండి. సమ్మేళనం లేని ఎమల్షన్‌తో ఒక కంట్రోల్, బ్యాక్టీరియా వేయనిది ఇంకొకటి. ఒక భాగం 4 డిగ్రీల వద్ద, మరో భాగం 10 డిగ్రీల వద్ద ఉంచండి. రెండోది ఎందుకంటే నిజ జీవితంలో రిఫ్రిజిరేటర్ తలుపు తెరుచుకుంటూ ఉంటుంది. 0, 1, 3, 7 రోజుల్లో ఒక్కో నమూనాను 90 మిల్లీలీటర్ల 0.1 శాతం పెప్టోన్ నీటిలో నలిపి, పదేసి రెట్లు పలచన చేసి అగార్ మీద లెక్కపెట్టండి.

ఈ దశలో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, నమూనాతోపాటు వచ్చిన నూనె గొట్టంలోనే చంపుతూ ఉండటం. అప్పుడు ఆహారంలో బతికే ఉన్నవి మీ లెక్కలో చచ్చినట్టు కనిపిస్తాయి. పెప్టోన్ నీటిలో ట్వీన్ 80, లెసిథిన్ కలిపితే అవి నూనెను కట్టిపడేస్తాయి. ముందు వద్దన్న ట్వీన్ 80 ఇక్కడ మేలు చేస్తుంది, కారణం అదే గుణం. రెండోది, దెబ్బతిన్న కణాలు. సాల్మొనెల్లాను గుర్తించే ఎక్స్‌ఎల్‌డీ లాంటి ఎంపిక అగార్ (కొన్ని రకాలనే పెరగనిచ్చేది) మీద అవి లేవలేవు, కానీ ఆహారంలో కోలుకుని లేవగలవు. ఎంపిక అగార్ మీద, సాధారణ అగార్ మీద రెంటి మీదా వేయండి. రెండింటి మధ్య పెద్ద తేడా ఉంటే మీరు చంపలేదు, గాయపరిచారు.

ఫలితాన్ని శాతాల్లో రాయకండి. “99 శాతం తగ్గింది” వినడానికి బాగుంటుంది. గ్రాముకు 10,000 ఉంటే ఇంకా 100 మిగిలాయని దాని అర్థం. తగ్గుదలను లాగ్ మెట్లలో (ఒక్కో మెట్టు అంటే పది రెట్ల తగ్గుదల) రాయండి, మిగిలిన సంఖ్యను పక్కనే ఇవ్వండి. ఏడో రోజు సంఖ్య మూడో రోజుకంటే పెరిగిందా అన్నది మొదటి రోజు తగ్గుదలకంటే ముఖ్యమైన సమాచారం.

బ్యాక్టీరియా వేసిన నమూనా ప్రయోగశాల దాటకూడదు, ఎవరూ రుచి చూడకూడదు. రుచి పరీక్ష వేరేగా, వేరే గదిలో, ఆహార స్థాయి సమ్మేళనంతో, బ్యాక్టీరియా వేయని ఆహారంతో, పాల్గొనేవారి సమ్మతితో, అలర్జీలు అడిగి తెలుసుకుని చేయాలి. దీన్ని చివరికి నెట్టకండి. ఎంఐసీకి 50 రెట్ల కార్వక్రాల్ కలిసిన ఆహారాన్ని ఎవరూ తినలేరని ఏడు రోజుల లెక్కల తర్వాత కాకుండా, మొదటి రోజే తెలుసుకోవడం మంచిది. అప్పుడు ఆహారంలో కలపడం మాని, ప్యాకింగు పొరలోంచి ఆవిరిగా వదలడం, బ్యాక్టీరియా పట్టే పరికరాల ఉపరితలాలను కడగడం లాంటి దారులు చూడవచ్చు.

11. బ్యాక్టీరియా అలవాటుపడుతుందేమో చూడండి

“ఇది సహజమైనది కాబట్టి దీనికి నిరోధకత రాదు” అనే మాట తప్పు. చంపలేనంత తక్కువ మోతాదులో ఎక్కువ రోజులు ఉంచితే బ్యాక్టీరియా పొర కూర్పు మార్చుకోవచ్చు, పంపులను పెంచుకోవచ్చు. ఆ పంపులే యాంటీబయోటిక్‌లనూ బయటికి తోస్తే, మనం తెచ్చిన మందు మనకే ఎదురుతిరుగుతుంది. హాని లేని ప్రత్యామ్నాయ రకంతో మాత్రమే దీన్ని పరీక్షించండి: సగం ఎంఐసీ ఉన్న బ్రాత్‌లో రోజుకోసారి కొత్త బ్రాత్‌కు మార్చుతూ పది రోజులు పెంచి, సమ్మేళనానికీ, మూడు నాలుగు యాంటీబయోటిక్‌లకూ ఎంఐసీ మళ్ళీ తీయండి. అదే పది రోజులు సమ్మేళనం లేకుండా పెంచిన కల్చర్‌తో పోల్చండి. రెండు రెట్లు పెరగడం పరీక్ష సహజ ఊగిసలాట. నాలుగు రెట్లు లేదా ఎక్కువ పెరిగితే, సమ్మేళనం లేకుండా మరో ఐదు రోజులు పెంచి మళ్ళీ చూడండి. అంకె వెనక్కి వస్తే అది తాత్కాలిక అలవాటు. రాకపోతే ఆ మోతాదును ఆహారంలో సిఫార్సు చేయవద్దు, ఫలితాన్ని మాత్రం తప్పక ప్రకటించండి.

వాడిన ప్లేట్లు, మొనలు, ఆహార నమూనాలు అన్నీ 121 డిగ్రీల వద్ద కనీసం అరగంట ఆటోక్లేవ్ చేశాకే బయటికి వెళ్ళాలి. మిగిలిన గాఢ నూనెను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి, గది అంతా ఘాటు ఆవిరితో నిండి కళ్ళు మండుతాయి. దాన్ని ద్రావకాల వ్యర్థాల సీసాలో పోసి, పేరు, తేదీ రాసి అప్పగించండి.